అటక మీది దూరదర్శనము

గత మాసమున మన బ్రూక్‌ఫీల్డునందే ఒక వృద్ధ సభ్యులు తమ పాత యింటిని తిరిగి కట్టించుటకై కుమారున కప్పగించి, ప్రక్క వీథిలోని అపార్టుమెంటునకు మారిరి. సామానులు దించునపుడు అటక మీదినుండి రెండు గోనెసంచుల నిండ వీడియో క్యాసెట్లు బయటపడినవి. గుజరీ అంగడివాడు వానిని తూకమునకు సైతము తీసికొననని చెప్పెనట. ఇనుము కాదు, కాగితము కాదు, కరిగించుటకు మంచి ప్లాస్టిక్కును కాదు. మరునాటి ఉదయము చెత్తబండి కెక్కించుటయే తరువాయి. అంతలో ఆ యింటి కోడలు ఒక క్యాసెట్టు వెన్నుమీద పెన్సిలుతో వ్రాసియున్న అక్షరములను చూచి, “ఇది మా అత్తగారి దస్తూరి, ఏమి వ్రాసిరో చదివి చెప్పగలరా?” యని మా కార్యాలయమునకు ఛాయాచిత్రమును పంపినది. ఆమె ఇంట మాటాడునది తెలుగే. చదివినది కన్నడ బడిలో గనుక మన లిపి మాత్రము రాదు. ఆ వెన్నుమీద “హైదరాబాదు టీవీ – ఉగాది కవులు – 88” అని యున్నది. మరియొకదానిమీద “చెరపవద్దు” అని మాత్రమే యున్నది.

అత్తగారు గతించి 9 సంవత్సరములైనది. ఆ సంచులు ఇపుడు సంఘ గ్రంథాలయములో బల్లక్రింద నున్నవి. లెక్కింపగా 46 క్యాసెట్లు తేలినవి. ఈ వారము మేము వ్రాయదలచినది వానిని గూర్చియే.

దూరదర్శనమువారి కార్యక్రమము దూరదర్శనమువారియొద్ద నుండకుండునా, మన అటకమీది నకలునకు విలువ యేమని పాఠకులు కొందరడుగవచ్చును. మేమును చాలకాలము అట్లే తలచితిమి. గ్రంథకర్త యింట గ్రంథమును, కచేరిలో దస్త్రమును ఉండునట్లు, ప్రసారము చేసినవారియొద్ద ప్రసారము భద్రముగా నుండునని నమ్ముట సహజము. కాని టెలివిజను పుట్టిననాటి నుండియు ప్రసార సంస్థల చేతులలోనే పెక్కు కార్యక్రమములు నశించినవి. ఇందు దుర్బుద్ధి యేమియు లేదు. 1956లో అమెరికాలోని యాంపెక్సు సంస్థ వాడుకకు తెచ్చిన దృశ్యటేపు రెండంగుళముల వెడల్పు గలది, మిక్కిలి ఖరీదైనది. చెరిపి మరల వాడుకొనవచ్చుననుటయే దాని గొప్పగా చెప్పుకొనిరి. పలకయు బలపమును చేతికిచ్చి, వ్రాసినది దాచుకొమ్మనిన ఎవరు దాతురు?

బ్రిటనులో బి.బి.సి. వారు 1960, 70 దశకములలో తమ నాటకములను, హాస్య ధారావాహికములను, సంగీత కార్యక్రమములను వందలకొలది చెరిపివేసిరి. నటుల సంఘముతో చేసికొనిన ఒడంబడికలు పునఃప్రసారములను పరిమితము చేసినవి. ఇంట కూర్చుండి పాత కార్యక్రమమును వేసికొని చూచు యంత్రములు అప్పటికి జనసామాన్యమునకు అందలేదు. కావున ఒకసారి చూపినదానితో మరల పనియుండదని వారు నమ్మిరి. 1978లోగాని అచట ఏది దాచవలెనో నిర్ణయించుటకై ప్రత్యేకముగా ఒక ఉద్యోగిని నియమింపలేదు. ఇంకొక ఉదాహరణము చూడుడు. 1969 జూలైలో మానవుడు చంద్రునిపై పాదము మోపిన దృశ్యమును మూలరూపమున పట్టిన టేపులను తామే చెరిపి మరల వాడియుందుమని అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసావారు 2009లో ఒప్పుకొనిరి. ఆ దృశ్యమును నేడు మనము చూడగలుగుచున్నామన్నచో, టెలివిజను సంస్థలయొద్ద ప్రసారపు నకళ్లు మిగిలియుండుటయే కారణము. చంద్రమండల యాత్రకే ఈ గతి పట్టగా, హైదరాబాదులో చదివిన ఉగాది పద్యముల మాట వేరుగ చెప్పనేల?

పోయినదంతయు పోయినట్లే యనుకొనుటయు పొరపాటే. 2013లో బి.బి.సి. వారి ‘డాక్టర్ హూ’ అను ప్రసిద్ధ ధారావాహికము యొక్క తొమ్మిది భాగములు దొరికినట్లు ప్రకటించిరి. అవి దొరికినచోటు లండను కాదు. ఆఫ్రికాలో నైజీరియా దేశమున జోస్ అను ఊరిలోని ఒక టెలివిజను కేంద్రము. ఆ రోజులలో విదేశములకు ప్రసారార్థము పంపిన ఫిల్ము ప్రతులు అచట అల్మరలో నుండిపోయినవి. 2001లో ‘డాడ్స్ ఆర్మీ’ అను హాస్య ధారావాహికము యొక్క రెండు పాత భాగములు బయటపడినది ఒకరి తోటలోని సామాను కొట్టమునందు. ఎప్పుడో చెత్తలో పారవేయబోవగా ఎవరో జాలిపడి తీసి దాచినవట. ప్రతి దొరకునది పుట్టినింట కాదు, మెట్టినింట.

ఈ సంగతి మన సాహిత్యమునకు క్రొత్తది కాదు. నన్నెచోడుని కుమారసంభవము ఎన్నో శతాబ్దములు తెలుగువారి కనులబడకయుండి, తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయములో మానవల్లి రామకృష్ణకవిగారికి దొరికి, 1909లో అచ్చయినది. తెలుగుదేశమున మరువబడినదానిని తమిళదేశపు తాళపత్రము కాపాడినది. ప్రవాసమున నున్నవారి యింట భాష యొకింత పాతబడి నిలుచునందురు. వస్తువులును అట్లే నిలుచును గాబోలు. మరియొకవైపు 1932 నాటి మన మొదటి సంపూర్ణ వాక్చిత్రమగు ‘భక్త ప్రహ్లాద’ను చూడుడు. దాని ప్రతి యొక్కటియు నేడు లేదు. అంతటి చిత్రమునకు ఎన్ని ప్రతులు తీసిరో, ఎన్ని ఊళ్ల గుడారములలో ఆడించిరో. ఎవరి అటకయు దానిని దాచలేదు.

ఇక మన విషయమునకు వత్తము. ఈ దేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైనది. తెలుగువారికి అది తొలుత ఆకాశమునుండి దిగినదని చెప్పవచ్చును. 1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరకాలము అమెరికావారి ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో దాదాపు 2,400 గ్రామములకు వ్యవసాయము, ఆరోగ్యము, పిల్లల చదువు మొదలగు విషయములపై కార్యక్రమములు ప్రసారమైనవి. అందు ఆంధ్రప్రదేశమును, మన కర్ణాటకమును ఉండెను. హైదరాబాదునందు అందుకొరకు నిర్మాణ కేంద్ర మొకటి ఏర్పడినది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన కేంద్రము ప్రారంభమైనది. 1983 నవంబరు 14న తెలుగు వార్తలు మొదలుకాగా, వానిని చదివిన శాంతిస్వరూప్ గారు కొన్ని సంవత్సరములపాటు, ఎదుట అక్షరములు చూపు యంత్రము లేనందున, వార్తలను ముందుగా కంఠస్థము చేసి తలయెత్తి చెప్పెడివారు. ఆయన 2024 ఏప్రిలులో దివంగతులైరి. ధర్మవరపు సుబ్రహ్మణ్యముగారిని ‘ఆనందోబ్రహ్మ’ ఇంటింటివారిని చేసినది. ఆయన 2013లో వెళ్లిపోయిరి. ఆ తరమువారు ఒక్కొక్కరుగా తరలిపోవుచున్నారు. వారి గొంతులు మిగిలినచో టేపులమీదనే మిగులవలెను.

ఆ తొలినాటి కార్యక్రమములలో కొన్ని అసలు టేపున కెక్కనేలేదు. స్టూడియోనుండి నేరుగా గాలిలోనికి పోయినవి. వానికొరకు వగచుట వ్యర్థము. కొన్నిటిని టేపుమీద పట్టి, ప్రసారము చేసి, మరుసటి కార్యక్రమమునకు టేపు కావలసివచ్చి చెరిపిరి. మన దూరదర్శన కేంద్రములందును టేపుల కొరత సామాన్యముగ నుండెను, బి.బి.సి. వారు చేసినదే ఇచటను జరిగినది. ఇక మిగిలిన మూడవ రకము కలదు. టేపు ఉన్నది, చెరపలేదు. కాని పైని చీటి ఊడిపోయినది, లేదా దానిని ఆడించు యంత్రము మూలబడినది, లేదా బూజు పట్టినది. ఇట్టివి ఉన్నట్లును కాదు, పోయినట్లును కాదు. వెదకువారు వచ్చువరకు అవి త్రిశంకు స్వర్గమున నుండును. అసలు టేపు చెరిగిన కార్యక్రమమునకును, చీటి ఊడిన కార్యక్రమమునకును సాయపడగలిగినది ఒక్కటే: నాడు ఎవరో యింటిలో పట్టుకొనిన నకలు.

అట్టి నకళ్లు బెంగుళూరున ఎందుకుండవలెను? మన పెద్దలకు జ్ఞప్తి యుండును. బెంగుళూరు దూరదర్శన కేంద్రము 1981లో మొదలైనది. కన్నడ కార్యక్రమములు చక్కగా వచ్చెడివి. మనవారు వానిని పరాయివిగా నెన్నడును చూడలేదు. 1982లో రంగుల ప్రసారమును, దేశమంతటికి ఢిల్లీనుండి హిందీ కార్యక్రమములును వచ్చినవి. తెలుగు మాత్రము ఆదివారము మధ్యాహ్నపు ప్రాంతీయ చలనచిత్రముల వరుసలో ఎప్పుడో యొకసారి తొంగిచూచెడిది. హైదరాబాదు కేంద్రపు తరంగము మన నగరము వరకు రాదు. అక్కడి బంధువులు ఉత్తరములలో ‘చిత్రలహరి’ని గూర్చి వ్రాసినచో మనకది అన్నము కూరల వర్ణన వలె నుండెడిది.

ఆ కాలముననే వి.సి.ఆర్. యంత్రము మధ్యతరగతి యిండ్లకు ప్రవేశించినది. ఇక హైదరాబాదు అక్కగార్లకును, బెంగుళూరు చెల్లెండ్రకును నడుమ ఒక నూతన వాణిజ్యము మొదలైనది. అక్కగారు ఉగాదికి, సంక్రాంతికి మూడు గంటల క్యాసెట్టు నొకదానిని నింపి యుంచును. వేసవి సెలవులలో కాచిగూడ రైలు దిగినపుడు ఆవకాయ జాడీతోపాటు ఆ క్యాసెట్టును దిగును. దానిని వీథిలోని నాలుగు తెలుగు కుటుంబములు కూడి చూచెడివి. ఒక్కొక్కమారు యంత్రమునే ఒక రాత్రికి అద్దెకు తెచ్చెడివారు. మరుసటి వేసవికి ఖాళీ క్యాసెట్టు తిరిగి హైదరాబాదు పోయెడిది. పోనిది, అనగా తిరిగి పంపుటకు మనసొప్పనిది, మన అటక మీద నిలిచినది. 1993లో తెలుగు ప్రసారములు ఉపగ్రహ మార్గమున రాసాగినవి. 1995లో ఈటీవీ, జెమిని వచ్చినవి. నాటినుండి క్యాసెట్ల అవసరము తీరినది. వానిని ఎవరును చూడలేదు, ఎవరును చెరపలేదు కూడ. మరపునకు గురియగుటచేతనే అవి బ్రదికినవి.

ఇట్టివానిని దాచినవారు మిక్కిలిగ స్త్రీలే యని మా అనుభవము. క్యాసెట్టు వెన్నుమీది దస్తూరి నూటికి తొంబది ఇల్లాలిదే యగుచున్నది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున మేరియన్ స్టోక్స్ అను గ్రంథాలయోద్యోగిని 1979 మొదలు 2012లో మరణించువరకు టెలివిజను వార్తలను రేయింబవళ్లు తన యింట రికార్డు చేసెను. దాదాపు 70,000 క్యాసెట్లు పోగుపడినవి. ఇరుగుపొరుగువారు ఆమెను విపరీతురాలనిరి. ఆ సంస్థలు తామే దాచుకొనని వార్తలు నేడు ఆ క్యాసెట్లలో నున్నవి. మన అత్తగారికి అంత సంకల్పమేమియు లేదు. ఆమె కోరినది “చెరపవద్దు” అనుటయే.

అయినను ఆ పద్యములు అచ్చులో నుండవా, కవుల సంపుటములు దొరకవా యని అడుగువారున్నారు. కొన్ని దొరకును. కాని మన కుటుంబముల స్థితిని కొంచెము ఆలోచింపుడు. మూడు నాలుగు తరములుగా ఈ నేలమీద నున్నాము. మన పిల్లలు కన్నడమును, ఇంగ్లీషును చదివిరి. తెలుగును విని నేర్చిరి. అచ్చుపుస్తకము వారికి తాళము వేసిన గది. చెవికి వచ్చినదే వారి తెలుగు సాహిత్యము. ఉగాదినాడు ఒక పెద్దాయన గొంతు సవరించుకొని, సీసపద్యమును సాగదీసి, చివరి పాదమువద్ద ఒకింత ఆగి సభవంక చూచునది ఏ పుస్తకములోను లేదు. పద్యమును ఎట్లు విరువవలెనో, ఎక్కడ ఊపిరి తీయవలెనో అచ్చు చెప్పదు. మన కోడండ్రకును, మనుమలకును చేరగల తెలుగు ఏదియన్నచో, ఆ క్యాసెట్టులోని తెలుగే. ఈ కారణముచేత హైదరాబాదు, విజయవాడలలో నున్నవారికంటె మనకు ఈ విషయమున పట్టింపు ఎక్కువ యుండవలెను. అక్కడ గొంతు పోయినను లిపి మిగులును. ఇక్కడ రెండవది ముందే పోయినది. భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొను హక్కును రాజ్యాంగపు 29వ అధికరణము మన కిచ్చినది. హక్కును గూర్చి మహజర్లు చాల వ్రాసితిమి. కాపాడవలసిన వస్తువు అటకమీద నున్నదని మాత్రము తెలియలేదు.

ఇతరులను తప్పుపట్టుటకు ముందు మా తప్పును ఒప్పుకొనవలెను. 1991 ఉగాదికి మన సంఘమువారు ఏర్పాటు చేసిన సభను ఒక సభ్యులు అద్దె కెమెరాతో పట్టిరి. రెండు గంటల సభ. అందు మన సంఘ స్థాపకులలో నలుగురు మాటాడిరి. వారి గొంతు మరెక్కడను లేదు. ఆ క్యాసెట్టును భద్రపరచుటకై ఈ వాక్యములు వ్రాయుచున్నవానికే ఇచ్చిరి. 1996 మార్చి 9న బెంగుళూరు చిన్నస్వామి క్రీడాంగణములో భారత పాకిస్థానుల మధ్య ప్రపంచకప్పు క్వార్టర్ ఫైనలు ఆట జరిగినది. ఇంట ఖాళీ క్యాసెట్టు లేదు. మిగిలిన కథను పాఠకులే ఊహింపగలరు. ఆ ఆటను నేడు ఎవరైనను ఫోనులో నిమిషమున చూడవచ్చును. స్థాపకుల ఉపన్యాసములు లేవు. వారి కుమార్తెలలో నొకరు కొన్ని సంవత్సరముల క్రిందట ఆ క్యాసెట్టు కొరకు వచ్చినపుడు నిజము చెప్పుటకు నోరాడలేదు. వెదకుచున్నామని చెప్పి పంపితిమి. ఈ పత్రికాముఖముగా ఇపుడు చెప్పుచున్నాము.

కావున దూరదర్శనమువారిని దూషించుటకు మాకు నోరు లేదు. వారిని అడుగవలసినవి మాత్రము కలవు. 2020 మార్చి 28 మొదలు, దేశమంతయు ఇండ్లలో బందీయైన దినములలో, 1987 నాటి రామాయణమును మరల ప్రసారము చేయగా జనులు విరగబడి చూచిరి. ఆ ఏప్రిలులోనే పాత కార్యక్రమములకై డీడీ రెట్రో అను ప్రత్యేక ప్రసారమును ప్రారంభించిరి. 2024 నవంబరులో ప్రసారభారతివారు ‘వేవ్స్’ అను అంతర్జాల వేదికను తెచ్చిరి. ఇవన్నియు సంతోషకరములే. కాని రామాయణము వంటి ధారావాహికములకు వెనుక నిర్మాతలుండిరి, వాణిజ్యముండెను. రామంతపురము స్టూడియోలో కేంద్రపు ఉద్యోగులే తీసిన కవిసమ్మేళనమునకు, హరికథకు, రైతు కార్యక్రమమునకు అట్టి వారసు లెవరును లేరు. పాత తెలుగు కార్యక్రమములు కొన్ని నేడు యూట్యూబులో కానవచ్చుచున్నవి. అన్నియు అచటనే యున్నవని భ్రమపడువారికి ఒక్కమాట: అచట నున్నది ఎవరో ఒకరు దాచగా మిగిలినది మాత్రమే.

హైదరాబాదు, విజయవాడ కేంద్రములకును, ప్రసారభారతికిని సంఘము పక్షమున లేఖలు వ్రాయుటకు కార్యవర్గము తీర్మానించినది. 1977 మొదలు 1993 వరకు హైదరాబాదున నిర్మితమైన తెలుగు కార్యక్రమములలో టేపు మిగిలియున్నవాని జాబితాను ప్రకటింపవలెననియు, ఇండ్లనుండి వచ్చు నకళ్లను పుచ్చుకొని పోల్చిచూచుటకు ఒక బాధ్యుని నియమింపవలెననియు మా కోరిక. జాబితా యన్నది చిన్నవిషయముగా తోచవచ్చును. ఏది పోయినదో తెలియనిదే ఏది వెదకవలెనో తెలియదు. బ్రిటనులో పోయిన భాగములను వెదకువారి చేతిలో తొలినుండియు ఉన్న ఆయుధము అట్టి జాబితాయే. ఉత్తరమునకు జవాబు రాకున్నచో 2005 నాటి సమాచార హక్కు చట్టము కలదు. రుసుము 10 రూపాయలు. ఆ పది రూపాయలను మేము తప్పక వెచ్చింతుము.

సభ్యులు కొందరు భయమును వెలిబుచ్చిరి. దూరదర్శనమునుండి ఇంట రికార్డు చేయుట నేరము కాదా, సంచి తెచ్చి చూపినచో చిక్కు రాదా యని. 1957 నాటి కాపీరైటు చట్టపు 39వ విభాగము స్వంత వాడుకకు గాని, నిజమైన బోధన పరిశోధనలకు గాని చేసికొనిన రికార్డును ప్రసార హక్కునకు భంగముగా పరిగణింపలేదు. అదిగాక ప్రసారముపై ప్రసార సంస్థకు గల ప్రత్యేక హక్కునకు 25 సంవత్సరముల కాలపరిమితి కలదు. అందలి రచనకు, చలనచిత్ర గీతములకు వేరు హక్కులుండును గనుక వానిని అమ్ముట, బహిరంగముగ ప్రదర్శించుట మన పని కాదు. తీసి, శుభ్రపరచి, నకలు చేసి, మూలసంస్థకు చూపుటలో భయపడవలసినది లేదు.

భయపడవలసినది కాలమును చూచి. టేపు అనగా పలుచని ప్లాస్టిక్కు పట్టీమీద జిగురుతో అంటించిన అయస్కాంతపు పొడి. జిగురు తేమను పీల్చును, పొడి రాలును, పట్టీ చుట్టలలో ఒకదాని కొకటి అంటుకొనును. మన బెంగుళూరు వానకాలము వానికి గిట్టదు. తెల్లని బూజు క్యాసెట్టు కిటికీలోనుండి కంటికి కనబడును. అంతకంటెను పెద్ద చిక్కు యంత్రమును గూర్చినది. వి.సి.ఆర్. చేయుచుండిన చివరి సంస్థగా పేరొందిన జపాను దేశపు ఫునాయివారు 2016 జూలైలో తయారీని మానిరి. అయస్కాంత టేపుల నకలు తీయుటకు 2025 ప్రాంతమువరకే వ్యవధి యని యునెస్కోవారు, అంతర్జాతీయ భాండాగారముల సంఘమువారు కలసి ఆ తరువాత హెచ్చరించిరి. ఆ సంవత్సరము వచ్చినది. విడిభాగములు, బాగుచేయు చేతులు రెండును అరుదైనవి.

పాఠకులకు కొన్ని జాగ్రత్తలు చెప్పవలసియున్నది. అటకమీద క్యాసెట్టు దొరకినంతనే ఉత్సాహముతో యంత్రములో దూర్చరాదు. బూజుపట్టినదానిని ఆడించినచో బూజు యంత్రమున కంటి, తరువాత వేసిన ప్రతి క్యాసెట్టునకును సోకును. టేపు తెగినను తెగవచ్చును. మనవారికి ఏది తడిసినను ఎండలో వేయుట అలవాటు. ఇవి వడియములు కావు, ఎండబెట్టరాదు. పుస్తకముల వలె నిలువుగా, పొడిచోట, అయస్కాంతము గల స్పీకరుపెట్టెలకు దూరముగా నుంచవలెను. అన్నిటికంటె ముందుగా, క్యాసెట్టు వెన్నంచున ఎడమమూలగా ఒక చిన్న ప్లాస్టిక్కు పలుకు కనబడును, దానిని విరిచివేయవలెను. అది విరిగిన క్యాసెట్టుమీద పొరపాటున మరల రికార్డు చేయుట సాధ్యము కాదు. 1991 క్యాసెట్టునకు ఆ పలుకు విరువబడియున్నచో మాకీ దినమున సిగ్గుపడు పని తప్పెడిది. పైని చీటిని మాత్రము చింపరాదు, కడుగరాదు. దస్తూరియే మన జాబితా. తెలుగు చదువరాని పిల్లలు చీటికి ఫోటో తీసి పంపినచో మేము చదివి చెప్పెదము.

పెండ్లి క్యాసెట్లను గూర్చియు అడిగిరి. వానినికూడ తెండని మా మనవి. పెండ్లిపందిరిలో కోలారు మామ్మ, అనేకలు పెద్దమ్మ మాటాడుకొనిన తెలుగు హైదరాబాదు స్టూడియోలో దొరకదు. దానిని ఏ కేంద్రమును ఎన్నడును ప్రసారము చేయలేదు. రేడియో నాటకములు, విజయవాడ భక్తిరంజని పట్టిన ధ్వని క్యాసెట్లును ఉండవచ్చును. అవియు రావచ్చును గాని, మొదట వీడియో క్యాసెట్లకే వరుస.

ఉగాది కవుల క్యాసెట్టును మేమింకను ఆడించలేదు. దాని కుడివైపు చుట్టపై బూజు కలదు. నగరములోని ఒక వృత్తినిపుణుడు దానిని విప్పి, శుభ్రపరచి, క్రొత్త పెట్టెలో నెక్కించుటకు ఒప్పుకొనినాడు. పెన్సిలుతో 88 అని యున్నది గనుక అది విభవ నామ సంవత్సరపు ఉగాది. నాడు ఎవరెవరు చదివిరో, అత్తగారు దేనిని చూచి దాచిరో కోడలుగారికే మొదట చూపవలెనని నిర్ణయించితిమి. ఆ దినమున ఆమె మామగారిని గూడ తోడ్కొని వచ్చెదనన్నది.

మిగిలిన 45 క్యాసెట్ల మాట వేరు. మూడు గంటల క్యాసెట్టునకు నకలు తీయుటకు మూడు గంటలే పట్టును. అందు తొందరచేయు మార్గము లేదు. సంఘమువద్ద పనిచేయు యంత్రము ఒక్కటి యున్నది, ఒక సభ్యులు ఎరువిచ్చినది. ఆదివారమున కొకటి చొప్పున ఆ సంచులకే ఇంచుమించు ఒక సంవత్సరము పట్టును. ఇక మీ అటకలమీదివి వచ్చిన పిదప ఏమగునో చెప్పనక్కరలేదు. కావున పనిచేయు స్థితిలో వి.సి.ఆర్. ఎవరి యింటనైనను ఉన్నచో సంఘమునకు కొంతకాలము ఎరువీయ గోరుచున్నాము. మూడు గంటలు ప్రక్కన కూర్చుండి, ఏ నిమిషమున ఏమి వచ్చినదో కాగితముమీద వ్రాయగల యువకులును కావలెను. కన్నడ లిపిలో వ్రాసినను సరిపోవును. క్యాసెట్లను వచ్చు ఆదివారము మొదలుకొని ప్రతి ఆదివారము ఉదయము 10 గంటలనుండి మధ్యాహ్నము 1 గంటవరకు గ్రంథాలయములో పుచ్చుకొందుము. రసీదు ఇత్తుము. నకలు తీసిన పిదప అసలు క్యాసెట్టు యజమానికే చేరును.